దాపుడుపెట్టెల ఆట: ఫిరంగి కాలువ జాడ

గత జ్యేష్ఠమాసమున విత్తనములు, ఎరువులు పంచు దినమున మన సంఘపు గోదాము అరుగుమీద ఒక చిన్న వాదము పుట్టినది. పట్నమున చదువుకొనుచు సెలవులకు వచ్చిన యొక సభ్యుని కుమారుడు, "ఫిరంగి కాలువ ఎక్కడ నున్నది?" అని యడిగెను. అరుగుమీద నున్నవారు ఐదుగురు. ఐదుగురును ఈ నేలమీద పుట్టి, ఈ నేలనే దున్ని నెరసినవారు. ఒకరు అది బాట కీవల నున్నదనిరి. ఒకరు ఆవల నున్నదనిరి. మూడవవారు తాము చిన్ననాడు దానిలో చేపలు పట్టినమాట నిజమేగాని చోటు జ్ఞప్తికి రాదనిరి. నాలుగవవారు "అది ఎన్నడో పూడిపోయినది, ఇప్పుడడిగి యేమి లాభము?" అని విసుగుకొనిరి. ఐదవవాడు వెనుకటి నీరటి. ఎనుబదియేండ్లు దాటినవాడు. అంతవరకు మాటాడక బీడి కాల్చుకొనుచుండి, తుదకు నవ్వి, "పొద్దుగాల మీరందరు దాని మీదికెల్లే నడిచొచ్చిండ్రు గద బిడ్డా" అనెను.

ఆ మాట మమ్ములను సిగ్గుపడజేసినది. చెరువు నిండినదా లేదా యని ప్రతి వానకాలమునను విచారించువారము, ఆ చెరువునకు నీరు ఏ దారిని వచ్చుచుండెనో యెరుగకున్నాము. ఎరిగినవా డొకడు మిగిలియున్నాడు; అతనికి వ్రాత రాదు. ఈ స్థితిని కొంతయైన మార్చుటకు మే మవలంబించిన యుపాయ మొక ఆట. పిల్లల యాట యని మొదట మేమును తేలికగా దలచినవారమే. అందుచేత దానిని గూర్చి సభ్యులకు సవిస్తరముగా దెలుపవలసియున్నది.

ఆట పేరు ఇంగ్లీషున జియోకాషింగు. ఆ పేరు మన అరుగుమీద ఎవరి నోటను నిలువలేదు. పిల్లలు దానిని దాపుడుపెట్టెల ఆట యనిరి, అదియే వాడుకయైనది. ఒకడు ఒక చిన్న డబ్బాలో నోటుపుస్తకమును, పెన్సిలును పెట్టి ఊరిబయట నొకచోట దాచును. ఆ చోటుయొక్క అక్షాంశ రేఖాంశములను పదుగురికి ప్రకటించును. తక్కినవారు చేతిఫోనుతో ఆ యంకెల వెంట నడచి, డబ్బాను కనుగొని, పుస్తకమున తమ పేరును తేదీని వ్రాసి, దానిని ఎక్కడిదక్కడ పెట్టి వత్తురు. డబ్బాలో చిన్న వస్తువేదైన నున్నచో తీసికొనవచ్చును. తీసికొన్నవాడు దానికి తగినది మరియొకటి పెట్టవలెను. మన సంఘపు హాజరుపుస్తకమువలె నిందును ఒకరి సంతకము మరొకరు చేయరాదు. చోటునకు పోనివాని పేరు పుస్తకమున నుండదు.

ఇది 2000 సంవత్సరమున పుట్టినది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున, దినమునకు రెండుమారులు భూమిని చుట్టివచ్చు అమెరికావారి ఉపగ్రహములు కలవు. వాని సంజ్ఞలు మన ఫోనును చేరుటకు పట్టిన కాలమునుబట్టి మనమున్న చోటు తేలును. కనీసము నాలుగు ఉపగ్రహములు ఆకసమున కనబడవలెను. జి.పి.ఎస్. అని దీనికి పేరు. మొదట ఆ దేశపు సైన్యమువారు సామాన్యుల కందు సంజ్ఞలను బుద్ధిపూర్వకముగా కొంత చెరచియుంచిరి; అందువలన లెక్క నూరుగజముల మేర తప్పుచుండెను. 2000 సంవత్సరము మే నెల మొదట అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞచే ఆ చెరుపు తొలగినది. వెంటనే మే 3వ తేదీని డేవ్ అల్మర్ అను నతడు ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ అను నూరి దాపున ఒక నల్లని బకెట్టును సగము నేలలో పాతి, దాని యంకెలను ప్రకటించెను. అందులో పుస్తకములు, ఒక గులేరు, ఒక చిక్కుడుగింజల డబ్బా మొదలైనవి యుండెను. కొద్దిదినములలోనే మైక్ టీగ్ అను నతడు దానిని కనుగొనెను. నేడు ప్రపంచమున నిట్టి పెట్టెలు ముప్పదిలక్షలకు మించియున్నవి. మన దేశపు ఇస్రో సంస్థవారును 2013 మొదలుకొని నావిక్ అను పేర మనవియే యైన ఉపగ్రహములను పంపియున్నారు.

ఉపగ్రహములు లేని కాలమునను ఇట్టి యాట యుండెను. ఇంగ్లాండున డార్ట్‌మూర్ అను బంజరునేలలో క్రాన్‌మియర్ అను చిత్తడి మడుగు కలదు. దారి చూపుచు జీవించు జేమ్స్ పెరట్ అను నతడు 1854లో అచ్చట నొక సీసాను పెట్టెను. అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరుగల కాగితమును అందులో వేసి పోవుచుండిరి. సీసాకొరకు ఎవరును నడవరు. నడచుటకు సీసా యొక నెపము. మాకును అట్టి నెపమే కావలసివచ్చినది.

ఇక అంకెల సంగతి. అక్షాంశము రేఖాంశము అనగానే మన పెద్దలు కొందరు ఇది చదువుకొన్నవారి బెడద యని లేచిపోవుట మేము చూచితిమి. అంత బెడద యిందు లేదు. మన ఇబ్రహీంపట్నము భూమధ్యరేఖకు ఉత్తరమున 17వ డిగ్రీ దాటి, 78, 79 రేఖాంశముల నడుమ నున్నది. డిగ్రీలో అరువదవ వంతు నిమిషము. నిమిషమును వేయిపాళ్ళు చేసినచో ఒక పాలు ఉత్తరదక్షిణముల ఆరడుగులు, అనగా సరిగా ఒక బార. తూర్పుపడమరల మన ప్రాంతమున బారకు నాలుగువ్రేళ్ళు తక్కువ. కనుక ఫోనులో కనబడు కడపటి యంకె యొకటి మారినచో మనము ఒక బార జరిగితి మన్నమాట. నాగటిచాలు కొలుచువానికి ఇది తెలియరానిది కాదు. చెట్లు, గోడలు లేని బయలులో మామూలు ఫోను మూడుబారల లోపల చోటు చెప్పును. ఆ మూడుబారలలో వెదకుట మాత్రము కన్నులపని. అచ్చటనే ఆట యున్నది.

మొదటి పెట్టె చెరువుకట్టకు ఉద్దేశింపబడినది. అన్నమునకు వాడు స్టీలుడబ్బా యొకటి, ఇరువది పుటల పుస్తకమొకటి. పుస్తకపు మొదటి పుటమీద ఆ చోటి వృత్తాంతము వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి. వ్రాయబూనినప్పుడు తెలిసినది, మాకు తెలిసిన దెంత స్వల్పమో.

ఇబ్రహీంపట్నమునకు పేరిచ్చినవాడు గోలకొండను 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా. మన పెద్దచెరువు ఆయన కాలపు కట్టడము. పట్నమునందలి హుస్సేనుసాగరము, బుద్వేలు చెరువు కూడ ఆయన యేలుబడిలోనివే. రాజ్యమునకు రాకపూర్వము ఆయన అన్నకు వెరచి విజయనగరమునకు పోయి, అళియ రామరాయల యాశ్రయమున సుమారు ఏడేండ్లుండెను. ఆ యేడేండ్లలో తెలుగు చెవికి, నోటికి పట్టినది. తరువాత సింహాసనమెక్కి తెలుగుకవుల నాదరించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితముచేసెను. మన కవులు ఆయన పేరును మల్కిభరాము డని తెలుగు చేసికొనిరి. ఆశ్రయమిచ్చిన రామరాయలమీదనే 1565లో తక్కిన సుల్తానులతో గూడి ఆయన యుద్ధమునకు పోయిన సంగతియు చరిత్రలోనిదే. చెరువు త్రవ్వించినవాడు గనుక దానిని దాచవలెనని మాకు తోచలేదు. పుస్తకమున రెండును వ్రాసితిమి.

చెరువు ఏండ్లతరబడి బీటలువారి యుండుట మనలో చాలమంది చూచిన దృశ్యము. కట్టమీదినుండి చూచినచో శిఖములో మేకలు మేయుచుండెడివి. ఇటీవలి పెద్దవానలకు మరల నీరు నిలిచినప్పుడు పట్నమునుండి బండ్లలో జనము వచ్చి ఫొటోలు తీసికొనిపోయిరి. వారికి నీరు కనబడినది. కట్టరాళ్ళు, తూము, మత్తడి కనబడలేదు. మన పెట్టె ఆ లోపమును తీర్చుటకే. పెట్టెకు నేరుగా అంకెలు ఇయ్యలేదు. మొదట తూముదగ్గరకు పోవలెను. అచ్చట రాతిమెట్లు లెక్కింపవలెను. తరువాత మత్తడికి పోయి వరుసరాళ్ళు లెక్కింపవలెను. ఆ రెండు లెక్కలును తెలిసినగాని పెట్టె యంకెలలో కడపటి రెండు అంకెలు దొరకవు. ఈ వ్యాసమున ఆ లెక్కలు వ్రాయము. కాగితమున చదువుకొనుటకైన పొలము పోనేల?

మొదటి ఆదివారమున ఎనమండుగురు పిల్లలు పోయిరి. నలుగురు మెట్లు ఒకటి తప్పులెక్కించి రేగుపొదలో పడిరి. పన్నెండేండ్ల బాలిక యొకతె, తూములోనికి నీరు ఏ రంధ్రమునుండి దిగునో, చెరువు తగ్గినకొలది పైరంధ్రము మూసి క్రింది రంధ్రము ఏల తెరతురో తాతను అడిగి తెలిసికొని, ఇంటికిపోయి తండ్రికి చెప్పినదట. ఆ తండ్రికి ఆయకట్టులో రెండెకరములున్నవి. ఆ సంగతి ఆయనకు తెలియదు. బోరుబావి తరమువాడు. మే మాయనను తప్పుపట్టుట లేదు, మాలో సగముమందిమి అట్టివారమే.

రెండవ పెట్టె ఫిరంగి కాలువకు. అసలు వాదము పుట్టినది దీనిమీదనే గదా. షాబాదు మండలమునందలి చందనవెల్లి వద్ద ఈసీనది నీటిని మళ్ళించి, శంషాబాదు ప్రాంతముమీదుగా త్రోవలోని చెరువులను కుంటలను నింపుచు, తుదకు మన పెద్దచెరువున చేర్చుటకై నిజాం ప్రభుత్వకాలమున ఈ కాలువ త్రవ్వబడినది. ఫిరంగి యనగా తోపు కాదు, పరదేశపు దొర యని అర్థము. దీనిని గీచినవాడు యూరపు ఇంజనీరు గనుక ఆ పేరు వచ్చినదని పెద్దలందురు. నేడది అనేకచోట్ల పూడినది. కొన్నిచోట్ల ఇండ్లస్థలములలో, కంచెలలో, బాటలలో కలిసిపోయినది.

నీరటి తాతను ముందిడుకొని మేము ఆరుగురము ఒక దినము ఉదయముననే బయలుదేరితిమి. పిల్లవాని ఫోనులో మేము నడచిన త్రోవ గీతగా పడుచుండెను. ముందు తాత కఱ్ఱ, వెనుక ఫోను. మొదటి మైలు మాకేమియు కనబడలేదు. తాత ఒక పడియనేలయొద్ద నిలిచి, "గిది చూడుండ్రి, గా ఈతచెట్లు వరుసగ ఎట్ల పోతున్నయో. నీళ్ళు లేకపోయినా అవిటికి యాది ఉన్నది" అనెను. చూచితిమి. ఈతచెట్లు, తుమ్మలు ఒక వంకరగీతలో దూరమువరకు పోవుచున్నవి. ఆ గీతకు రెండువైపుల కొంచెము ఎత్తుగట్లు. నడుమ పల్లము. దానిమీద జొన్నచొప్ప వామి.

ఆ వంకరయే మాకు నాటి పాఠము. కాలువను సూటిగా త్రవ్వినచో త్రవ్వకము తగ్గును గదా, ఇన్ని వంపు లేల యని పిల్లవా డడిగెను. తాత చెప్పిన సమాధానమును మే మిట్లు గ్రహించితిమి. నీరు మిట్ట యెక్కదు. వేగముగా దిగినచో కాలువను కోసికొనిపోవును. అసలు దిగకున్నచో నిలిచి పూడును. కనుక కాలువ గుట్టల నడుమున, ఒకే యెత్తును పట్టుకొని, కొంచెము కొంచెముగా మాత్రమే దిగుచు, ప్రతి పోడును చుట్టిరావలెను. ఒక నదిపల్లమునుండి మరియొక చెరువుపల్లమునకు నీటిని దాటించునప్పుడు ఎత్తులో తప్పు వచ్చినచో కోసులకొలది పని వ్యర్థమగును. నేటి యంత్రములు లేని కాలమున, కొలతగొలుసుతో, నీటిమట్టపు దుర్భిణితో ఈ యెత్తును నిలబెట్టినవారి పని యెంతటిదో బండిలో పోవువానికి తెలియదు. కాలువగట్టు వెంట నాలుగుమైళ్ళు నడచినవాని పిక్కలకు తెలియును.

గ్రామనక్షాలలో వాగులు, కాలువలు, బాటలు గీతలుగా చూపబడియుండును. మేము నడచిన గీతను ఇంటికి వచ్చి నక్షాగీత ప్రక్కన పెట్టి చూచితిమి. చాలభాగము సరిపోయినది. సరిపోని చోటులు రెండు. ఒకచోట కాలువ నిజముగనే జరిపి త్రవ్వబడినదని తాత యనుచున్నాడు. రెండవచోట కొత్తకంచె యున్నది, లోనికి పోనీయలేదు. కంచెవారితో వాదమునకు మేము దిగలేదు. నక్షాలో గీత యున్నది, పుస్తకమున నడక యున్నది. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూపుటకు ఇప్పుడొక కాగిత మున్నది. ఇంతకుముందు అదియును లేదు. పెద్దవాన వచ్చి కాలువ తన పాతదారిని వెదకుకొన్నప్పుడు అడ్డమున్న యిండ్లలో నీరు దూరుటయు, అప్పుడు అందరు అధికారులను నిందించుటయు మనము చూచుచునేయున్నాము. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడికమన్ను పొలములకు తోలుకొన్నప్పుడు మనకు చెరువు జ్ఞప్తికి వచ్చినది. చెరువునకు నోరువంటి కాలువ మాత్రము అంతగా జ్ఞప్తికి రాలేదు.

ఇక మా తప్పిదమును చెప్పవలెను. రెండవ పెట్టె బాగుగా సాగినదన్న ఉత్సాహమున మూడవదానిని పొరుగూరి పొలిమేరలో, పాడుపడిన యొక చిన్న గుడిదాపున దాచుటకు ఇద్దరు కుఱ్ఱవాండ్రను పంపితిమి. వారు పగలు పోవలసినది. పనులు ముగించుకొని చీకటిపడువేళకు పోయిరి. చేతిలో టార్చిలైటు, సంచిలో డబ్బా. ఆ యూరివారు వారిని గుప్తనిధులకు వచ్చినవారని పట్టుకొనిరి. తప్పు వారిది కాదు. మన ప్రాంతమున పాతగుళ్ళలో లింగములను పెకలించుట, నందులను పగులగొట్టుట, వీరగల్లుల క్రింద గోతులు త్రవ్వుట, ఈ దుర్మార్గము ఎన్నిమార్లు జరుగలేదు! అర్ధరాత్రి నిమ్మకాయలతో, పలుగుతో వచ్చువారిని చూచి చూచి ఊళ్ళు భయపడియున్నవి. ఊరి పెద్దలు వచ్చి, మాకు ఫోనుచేసి, సంగతి తెలిసికొని, పిల్లలకు చాయ త్రాపి పంపువరకు రెండుగంటలు పట్టినది. మరునాడు మేము పోయి క్షమాపణ చెప్పుకొంటిమి. ఆ యూరి పెద్ద యొకరు, "అయ్యా, మీ ఆట మంచిదే కావచ్చు. కాని దాచిపెట్టిండ్రు అన్న మాట వినబడంగనే తవ్వేటోడు వస్తడు. వాడు మీ డబ్బా కాడ ఆగడు" అనిరి.

ఈ మాటకు మాయొద్ద జవాబు లేకుండెను. పదిహేను దినములు ఆట నిలిపివేసితిమి. తరువాత ఈ యాటను నడుపువారు ప్రపంచమంతట పాటించు నియమములను తెలిసికొని చూచితిమి. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, మొదటి బకెట్టు సగము పాతిపెట్టబడినదేయైనను, నేడు పెట్టెను నేలలో పాతుట నిషిద్ధము. పలుగు, పార తాకరాదు. తినువస్తువులు పెట్టరాదు, జంతువులు చెరచును. (మన ప్రాంతపు కోతుల సంగతి చెప్పనక్కరలేదు. మా మొదటి డబ్బా మూతను అవి రెండుమార్లు తెరచినవి.) భూమి యజమాని యనుమతి లేనిదే దాచరాదు. అంతేకాక పెట్టె యసలే లేని విధము కూడ నొకటి కలదు. 2004 మొదలుకొని అమెరికా భూగర్భశాస్త్ర సంఘమువారి సహాయముతో, రాళ్ళు, లోయలు, ఊటలు మొదలగువాని దగ్గర ఏమియు దాచకుండ, చోటి యంకెలును ఒక ప్రశ్నయు మాత్రమే ప్రకటించుచున్నారు. అచ్చటికి పోయి, చూచి, జవాబు తెచ్చినవాడు గెలిచినట్టు. పెట్టెయే లేనప్పుడు త్రవ్వువానికి త్రవ్వుటకు నెపమేమి?

మనకు కావలసినది ఇదియే. గుడి, మసీదు, దర్గా, సమాధి, శాసనపురాయి, వీరగల్లు, కోట, మెట్లబావి, వీనియొద్ద ఇకమీదట పెట్టె యుండదు. ప్రశ్న మాత్రమే యుండును. బొడ్రాయిని ఈ యాటలోనికే తీసికొనము. అది ఊరి కంతటికిని పూజ్యము. చెరువుకట్ట, కాలువగట్టు, మన సభ్యుల చెలకల గట్లు, ఇచ్చటనే పెట్టెలు. అదియు పగటిపూట, ఆ యూరి పంచాయతీకి ముందు తెలిపి. ఇంకొక సంగతి కూడ సభ్యులు గుర్తుంచుకొనవలెను. 1878 నాటి నిధి చట్టము ప్రకారము నేలలో దొరికిన పాతవస్తువు పదిరూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరుగారికి తెలుపవలెను. నాగటికి రాగినాణెములు, విగ్రహములు తగిలినప్పుడు భయపడి మరల పూడ్చివేయుట, లేదా కంసాలివద్ద కరిగించుట మనలో జరిగినదే. తెలిపినవానికి చట్టమున భాగమునకు దారి కలదు. దాచినవానికి శిక్ష కలదు. మన రాష్ట్రమున 2017లో వారసత్వ కట్టడముల రక్షణకై ప్రత్యేకచట్టము కూడ వచ్చినది.

రైతుకును పాతరాళ్ళకును సంబంధమేమి యని యడుగువారుందురు. పాతరాళ్ళు ఉన్నదే రైతు పొలములో. హైదరాబాదున 1922లో పరిశోధక సంఘ మొకటి యేర్పడి, మరుసటి సంవత్సరమున కొమర్రాజు లక్ష్మణరావుగారు గతించిన పిమ్మట ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలియైనది. ఆ మండలివారు ఊరూర శాసనములు సేకరించి 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథముయొక్క మొదటి సంపుటమును ప్రకటించిరి. నాడు ఇంత బాటలు లేవు, ఫోనులు లేవు. ఎవరి చెలకలో వ్రాతరాయి యున్నదో ఊరివారు చెప్పినగాని ఎట్లు తెలియును? అంతకు నూరేండ్లకు పైబడి ముందు కాలిన్ మెకంజీ దొర తెలుగు ఉద్యోగుల చేత ఊళ్ళ వృత్తాంతములను కైఫీయత్తులుగా వ్రాయించెను. కావలి వెంకట బొఱ్ఱయ్య మొదలగువారు కరణములను, పూజారులను, ముసలివారిని అడిగి వ్రాసికొన్న ఆ కాగితములే నేడు అనేకగ్రామముల చరిత్రకు ఆధారము. మా నోటుపుస్తకము వానికి సాటి యని మేమనము. పని మాత్రము ఆ జాతిదే.

ప్రశ్నల పద్ధతిని మేము మొదట రాచకొండలో పరీక్షించితిమి. మంచాలమీదుగా పోయినచో ఆ గుట్టలు మన కెంతయో దూరము కావు. పదునాలుగవ శతాబ్దమున రేచర్ల పద్మనాయకులలో అనపోతానీడు రాజధానిని అచ్చటికి మార్చెను. ఆ వంశమునందే రసార్ణవసుధాకరకర్త సర్వజ్ఞ సింగభూపాలుడు పుట్టెను. 2016లో పోలీసు కమిషనరేటుకు ఆ దుర్గము పేరు పెట్టిన తరువాత రాచకొండ యనగానే ఠాణా జ్ఞప్తికి వచ్చు కాలమైనది. అది వేరు సంగతి. గోడలలో పెద్దపెద్ద రాళ్ళు సున్నము లేకుండనే ఒకదానిపై నొకటి పేర్చబడి నిలిచియున్నవి. మా ప్రశ్న: ఒక చాటెడు సున్నమైనను లేని గోడలో మూలరాయి ఏ విధముగా పొదుగబడినది? పోయిన పదునొకండుగురిలో ఏడుగురు బొమ్మ గీసి తెచ్చిరి. చెలక గట్టుకు రాతికట్టు కట్టు వడ్డెరపని యెరిగిన సభ్యు డొకరు గీసిన బొమ్మ అన్నిటికంటె బాగున్నది. ఆయన బడికి పోయినవారు కారు. ఎండ యెక్కువగుటచే పైదుర్గము చూడకయే దిగితిమి.

ఇప్పటికి నాలుగు పెట్టెలు, మూడు ప్రశ్నలు నడుచుచున్నవి. పిల్లలు పోవుచున్నారు, వారి వెంట తండ్రులు కొందరు పోవుచున్నారు. స్త్రీలు పోవుట తక్కువ. కట్టమీదికి ఒంటరిగా పోలేమని యొక సభ్యురాలు చెప్పిరి; పొదుపుసంఘమువారు ఒక ఆదివారము గుంపుగా పోవుటకు ఏర్పాటు చేయుచున్నాము. పాములను గూర్చి యడిగినవారికి మా మాట: రాతిసందులో చేయి పెట్టరాదు. చేయిపెట్టవలసిన చోట మేము పెట్టె యుంచము. వానకాలమున మత్తడి దూకుచున్నప్పుడు చెరువుపెట్టె మూసివేయబడును. ఆ మాట గోదాము పలకమీద వ్రాయుదుము.

కాలువపెట్టె పుస్తకము నిండవచ్చినందున పోయినవారము దానిని గోదామునకు తెచ్చి చూచితిమి. డెబ్బదిరెండు పేర్లున్నవి. కొందరు పేరుతో నిలువక, తమకు తెలిసినదియు వ్రాసిరి. ఒకరు తమ చెలకయొద్ద కాలువకు రాతివంతెన యుండెననియు, దాని రాళ్ళు ఎవరి గోడలో నున్నవో తెలుసుననియు వ్రాసి, పేరు మాత్రము వ్రాయలేదు. ఒకరు కాలువలో నీరు వచ్చిన కడపటి సంవత్సరము తన అక్క పెండ్లి యైన సంవత్సరమని వ్రాసిరి. ఆ పెండ్లి ఎప్పుడైనదో విచారించుచున్నాము. నడుమ నొకపుటలో పేరు లేదు, వ్రాత లేదు. ఊదాసిరా వేలిముద్ర యొకటి, దాని క్రింద మరొకరి చేతివ్రాతతో తేదీ. ఎవరిదని యడుగ, తాత తనంతట తానే, మనుమని చేయిపట్టుకొని అంతదూరము నడచిపోయి, గోదాము సిరాదిండును సంచిలో తీసికొనిపోయి వేసివచ్చెనని తెలిసినది. సిరాదిండు పోయినదని మేము నాలుగుదినములు వెదకితిమి.

క్రొత్తపుస్తకము కుట్టించి పెట్టితిమి. కాలువ పడమటిభాగము, అనగా శంషాబాదువైపు భాగము, ఎరిగిన పెద్దలు ఏ యూరివారైనను సరే, సంతదినమున గోదాముకడకు వచ్చి చెప్పినచో వ్రాసికొందుము. పాత టిప్పను కాగితములు గలవారు అసలు కాగితములను ఇయ్యనక్కరలేదు. నకలు తెచ్చిన చాలును. దసరా సెలవులలో తాతను బండిమీద చందనవెల్లికి తీసికొనిపోవలెనని నిర్ణయమైనది. ఎనుబదియేండ్లు ఆ నీరు పారిన చెరువుక్రింద బ్రతికియు, కాలువ మొదలు తానెన్నడును చూడలేదట.